సిపాయి నుంచి కర్నల్ దాకా: డాంగ్‌హా వంతెన వీరుడు జాన్ రిప్లీ

జాన్ వాల్టర్ రిప్లీ 1939లో అమెరికాలో పుట్టారు. 1957లో హైస్కూలు చదువు ముగియగానే మెరైన్ కోర్‌లో మామూలు సిపాయిగా చేరారు. ఏడాది తిరిగేసరికి అన్నాపొలిస్‌లోని నేవల్ అకాడమీలో సీటు సంపాదించి, 1962లో అక్కడి నుంచి ఆఫీసర్‌గా బయటికొచ్చారు. 1967లో వియత్నాంలో లీమా కంపెనీని నడిపి సిల్వర్ స్టార్ పతకం పొందారు. ఆ తర్వాత బ్రిటన్ రాయల్ మెరైన్స్‌తో కలిసి పనిచేశారు. అమెరికా సైన్యం నడిపే రేంజర్ స్కూల్లోనూ శిక్షణ పొందారు. వంతెనలను పేల్చే విద్య ఆయనకు ఇలాంటి కోర్సులలోనే అబ్బింది.

ఆ విద్య 1972 ఏప్రిల్ 2న, ఈస్టర్ ఆదివారం నాడు అక్కరకొచ్చింది. అప్పటికి రిప్లీ కెప్టెన్. దక్షిణ వియత్నాం మెరైన్ల మూడో బెటాలియన్‌కు సలహాదారుగా ఉన్నారు. ఉత్తర వియత్నాం సేనలు ట్యాంకులతో డాంగ్‌హా వంతెన మీదుగా దక్షిణానికి దూసుకొస్తున్నాయి. వంతెన కూలితే తప్ప అవి ఆగవు. రిప్లీ ఉక్కు దూలాలను చేతులతో పట్టుకుని, కింద నది, ఎదుట తుపాకులు ఉండగా వేలాడుతూ ముందుకు సాగారు. మేజర్ జేమ్స్ స్మాక్ ముళ్లకంచె పైనుంచి పెట్టెలు అందిస్తుంటే దాదాపు 225 కిలోల పేలుడు పదార్థాన్ని దూలాల మధ్య అమర్చారు. డిటొనేటర్లను ఫ్యూజుకు బిగించే పనిముట్టు దగ్గర లేదు. పళ్లతోనే నొక్కి బిగించారు. ఏ మాత్రం పట్టు తప్పినా ప్రాణం పోయే పని అది. దాదాపు మూడు గంటలు పట్టింది. ముందుజాగ్రత్తగా కరెంటు తీగలు కూడా అమర్చారు గానీ, బ్యాటరీ తగిలించినా అవి పనిచేయలేదు. చివరికి ఫ్యూజే వంతెనను కూల్చింది. ఈ సాహసానికి ఆయనకు నేవీ క్రాస్ పతకం లభించింది. రిప్లీ ధైర్యం అసాధారణం. అయితే పేలుడు పని తెలియనివాడైతే ఎంత ధైర్యం ఉన్నా ఆ వంతెన కింద చేయగలిగింది లేదు.

తర్వాత ఆయన బెటాలియన్‌ను, రెజిమెంటును నడిపారు. నేవల్ అకాడమీలో ఇంగ్లిష్, చరిత్ర విభాగానికి అధిపతిగా కూడా ఉన్నారు. 35 ఏళ్ల సర్వీసు తర్వాత 1992లో కర్నల్‌గా రిటైరై, అనంతరం మెరైన్ కోర్ చరిత్ర, మ్యూజియంల విభాగాన్ని నడిపారు. 2008లో కన్నుమూశారు.

రిప్లీలా అమెరికా మెరైన్ కోర్‌లో ఆఫీసర్ కావాలంటే ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి. సిపాయిగా చేరడానికి గ్రీన్‌కార్డు ఉన్నా చాలు. భారత్‌లో విడిగా మెరైన్ కోర్ లేదు. దానికి దగ్గరగా ఉండేది నౌకాదళ కమాండో విభాగం మార్కోస్. 1987లో ఏర్పడిన ఈ విభాగానికి విశాఖ దగ్గరి ఐఎన్‌ఎస్ కర్ణ స్థావరం. ఇందులో నేరుగా చేరే వీలు లేదు. ముందు నౌకాదళంలో చేరి, ఆ తర్వాత స్వచ్ఛందంగా ముందుకొచ్చి కఠినమైన ఎంపికలో నెగ్గాలి.

ఇంటర్ ఎంపీసీ చదివినవారికి నౌకాదళంలో ఆఫీసర్ కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి యూపీఎస్సీ జరిపే ఎన్‌డీఏ పరీక్ష. 2022 నుంచి అమ్మాయిలకూ ఎన్‌డీఏలో ప్రవేశముంది. రెండోది జేఈఈ మెయిన్ ర్యాంకుతో బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. దీని శిక్షణ కేరళలోని ఎళిమల అకాడమీలో ఉంటుంది. ఇంజినీరింగ్ డిగ్రీవారికి సీడీఎస్ పరీక్ష ఉంది. దారి ఏదైనా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష దాటాలి. రిప్లీలా సిపాయిగా మొదలైనవారికీ ఇక్కడ అవకాశం ఉంది. సర్వీసులో ఉన్న జవాన్లు డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా సైన్యంలో ఆఫీసర్లు కావచ్చు. ఎన్‌డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగానే దరఖాస్తు చేసుకోవచ్చు.