స్టెరాయిడ్ ఆపే ముందు ఒక పరీక్ష

కిడ్నీ జబ్బుకో, ఆయాసానికో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడిన బిడ్డకు "ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్ట్ చేయిద్దాం" అని డాక్టరు గారు అన్నారా? కొత్త జబ్బేదో వచ్చిందని బెంగపడకండి. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఒంటిని నిలబెట్టేది అదే. దాన్ని తయారు చెయ్యమనే కబురు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ రూపంలో వస్తుంది. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లూ ఆ కబురు తగ్గిపోయి, అడ్రినల్స్ మందగిస్తాయి. తిరిగి పనిలో పడ్డాయో లేదో చూడటానికే ఈ పరీక్ష.

ఉదయాన్నే కొంచెం రక్తం తీసి, ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా 250 మైక్రోగ్రాములు, రెండేళ్లలోపు పసివాళ్లకు తక్కువ. 30 నిమిషాలకు, 60 నిమిషాలకు మళ్లీ రక్తం తీస్తారు. మన దేశంలో చాలాచోట్ల ఎక్కువసేపు పనిచేసే రకం మందును కండకు ఇస్తారు, అప్పుడు ఈ వేళలు మారతాయి. క్యాన్యులా పెట్టగలరేమో అడగండి, మాటిమాటికీ గుచ్చే బాధ తప్పుతుంది. నొప్పే ఉండదని మాత్రం బిడ్డకు చెప్పకండి. కాస్త నొప్పి ఉంటుందని, పక్కనే ఉంటామని చెబితే పిల్లలు నమ్ముతారు.

అసలు ప్రమాదం సూదిలో లేదు. "టెస్టుకు మందు ఆపాలట" అని ఎవరో అంటే విని ఇంట్లోవాళ్లే మాత్రలు మానెయ్యడంలో ఉంది. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, నీరసం, షుగరు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. ఏ డోసు, ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి. మాత్రలే కాదు, ఇన్‌హేలర్, చర్మానికి రాసే క్రీము, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కల మందు, పేరు తెలియని పొడులు కూడా దాచకుండా చెప్పండి. వాటిలోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు.

రిపోర్టు చూసి మీరే తీర్పు చెప్పుకోకండి. ఒకప్పుడు కార్టిసాల్ డెసిలీటరుకు 18 మైక్రోగ్రాములు దాటితే చాలనేవారు. కొత్త యంత్రాలకు ఆ గీత ఇంకా కిందే ఉంటుంది.

కార్టిసాల్ చాలినంత పెరగకపోయినా కుంగిపోవద్దు. నెలలు పట్టినా, చాలామందిలో గ్రంథులు కోలుకుంటాయి. అందాకా జ్వరం వస్తే డోసు ఎంత పెంచాలో, వాంతులై మాత్ర నిలవకపోతే ఏ ఇంజెక్షన్ చేయించాలో కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ బడిలో టీచరు గారికి కూడా ఇవ్వండి.