ఉప్పుగాలిని తట్టుకునే డైసీ పొద

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో బ్రైటన్ తీరాన ఉంటున్నాం. సముద్రపు గాలికి పెరట్లో మొక్కలు మాడిపోతున్నాయి. ఎప్పుడూ పచ్చగా ఉండే డైసీ పొద మాకు పనికొస్తుందా? ఎలా పెంచాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వేసుకోండమ్మా. డైసీ పొద, అంటే ఒలేరియా, చామంతి కుటుంబానిదే. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చింది. దళసరి ఆకులు, వాటి అడుగున తెల్లని నూగు ఉండటం వల్ల గాలినీ ఉప్పునీ తట్టుకుంటుంది.

చిన్న పెరడైతే ఒలేరియా హాస్టి ఎంచుకోండి. సుమారు 2 మీటర్లు పెరుగుతుంది. జులై, ఆగస్టుల్లో పొదంతా తెల్లని పూలే. గాలికి అడ్డుగా కంచె కావాలంటే ఒలేరియా మాక్రోడోంటా మేలు. అది 3 మీటర్లు దాటుతుంది, ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి.

ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోట వసంతంలో నాటండి. బంకమట్టి నేలైతే మట్టిని కాస్త ఎత్తు చేసి నాటాలి. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు చాలు. మొదటి రెండు వేసవుల్లో మట్టి ఎండిపోకుండా నీళ్లు పోయండి. ఎరువు అతిగా వేయకండి.

హాస్టిని ఏప్రిల్‌లో కత్తిరించండి. మాక్రోడోంటాను పూలు అయిపోగానే కత్తిరించవచ్చు. ముదురు కొమ్మల నుంచి కూడా చిగురిస్తుంది కాబట్టి భయం లేదు. చలికాలం ముందు మాత్రం కత్తెర పట్టకండి, లేత చిగుళ్లు మంచుకు దెబ్బతింటాయి. తీరప్రాంతపు పెరటికి ఇది నమ్మదగిన మొక్క.