ఓడ ఉద్యోగం కావాలా? ముందు కళ్లు, చివర డబ్బు

పెదకూరపాడు మండలంలో పదో తరగతి, ఇంటర్ చదువుతున్న పిల్లలకు, "తల్లికి వందనం" అందుకుంటున్న అమ్మలకు, వారి ఇంటి పెద్దలకు.

ఏటా పరీక్షలు అయిపోగానే మన ఫోన్లకు ఒక రకం మెసేజీలు మొదలవుతాయి. "మర్చంట్ నేవీలో చేర్పిస్తాం. పది పాసైతే చాలు. లక్షల్లో జీతం. ఈ వారమే సీటు బుక్ చేసుకోండి." వీటి గురించి సచివాలయాల్లో అడుగుతున్నారు, అందుకే ఈ పాఠం రాస్తున్నాం. ఓడ ఉద్యోగం నిజమైనదే, మంచిదే. మన పల్లె పిల్లలు చేయగలిగినదే. అయితే దానికి ఒక వరుస ఉంది: కళ్లు, మార్కులు, కాగితాలు, డబ్బు. మోసపోయిన ఇళ్లలో ఈ వరుస తిరగబడుతుంది. డబ్బు ముందు కడతారు, కళ్ల సంగతి చివర తెలుస్తుంది.

మా ఇంట్లో జరిగింది

ఇది నాకు ఎవరో చెప్పిన కథ కాదు. ఇంటర్ అయ్యాక నేనూ ఓడ ఎక్కాలనుకున్నాను. అప్పటికి సముద్రాన్ని సూర్యలంకలో ఒక్కసారి చూశాను, అంతే. మా నాన్న ఆ ఏడు మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వేసి, వచ్చిన డబ్బులోంచి అరవై వేలు ఒక ఏజెంటు చేతిలో పెట్టారు. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేంటండీ" అన్నాడు. తర్వాత మెడికల్‌కు పంపారు. డాక్టరు గారు రంగు చుక్కల పుస్తకం తెరిచి, అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి, అంకె కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా నా కళ్లకు సరిగా తెలియదని ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మిరప కోతకు వచ్చినప్పుడల్లా పండుకాయ వదిలేసి పచ్చికాయ కోసేవాడివి. కళ్లు కనపడట్లేదా అని తిట్టేదాన్ని గానీ, నిజంగానే కనపడట్లేదని అనుకోలేదురా." అరవై వేలలో రూపాయి తిరిగి రాలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీతో తేలిపోయే విషయానికి మేం ఒక పంట డబ్బు పోగొట్టుకున్నాం. మీరు ఆ తప్పు చేయకండి.

మర్చంట్ నేవీ అంటే ఏమిటి?

ఇది దేశ రక్షణ చూసే నౌకాదళం కాదు. సరుకు, చమురు, బొగ్గు, కంటైనర్లు మోసే వాణిజ్య ఓడల్లో ఉద్యోగం. మన దేశంలో ఈ చదువులను, లైసెన్సులను కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ చూస్తుంది. దాని కార్యాలయం ముంబైలో ఉంది. ఓడలో ప్రధానంగా రెండు వైపులు ఉంటాయి. ఓడను నడిపేది డెక్ వైపు, యంత్రాలను చూసేది ఇంజిన్ వైపు. వీరితో పాటు కరెంటు పనికి, వంటకు వేరే మనుషులు ఉంటారు.

మొదటి మెట్టు: కళ్లు

రాత్రిపూట ఓడకు ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. ఎదురుగా వచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో ఆ రెండు దీపాలను చూసే తెలుసుకోవాలి. రంగు పొరబడితే ఓడలు ఢీకొనే ప్రమాదం ఉంది. అందుకే ఈ పరీక్షలో సిఫార్సులు పనిచేయవు.

డెక్ వైపు వెళ్లాలంటే కళ్లద్దాలు లేకుండానే చూపు బాగుండాలి. ఇంజిన్ వైపు కొంత పవర్ ఉన్నా, అద్దాలతో సరిపోయేటట్లయితే అవకాశం ఉంటుంది. రంగులు గుర్తుపట్టే పరీక్ష మాత్రం ఇద్దరికీ ఉంటుంది. రంగు లోపం పుట్టుకతో వచ్చేది, ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. దాన్ని పోగొట్టే మందు లేదు. "మేం సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ మనిషిని నమ్మొద్దు. ఒక చోట దొంగ సర్టిఫికెట్‌తో బయటపడినా, ఓడ ఎక్కే ముందు మళ్లీ పరీక్ష ఉంటుంది.

చేయాల్సిన పని చిన్నదే. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి వెళ్లి, దూరపు చూపు, రంగుల చూపు రెండూ చూడమని అడగండి. అది బాగుందంటేనే ముందుకు కదలండి. తుది మాట డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరుదే. ఆ డాక్టర్ల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

రెండో మెట్టు: మార్కులు, దారులు

1. ఆఫీసర్ కావాలంటే ఇంటర్‌లో ఎంపీసీ తప్పనిసరి. పది రాసిన పిల్లలు ఈ మాట ముందే గుర్తుపెట్టుకోండి. గణితం లేకుండా బైపీసీ, సీఈసీలో చేరాక వెనక్కి రావడం కష్టం. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో పదిలో గానీ ఇంటర్‌లో గానీ 50 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఎంపీసీ మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది, ఇంగ్లీషులో లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషును ఇప్పటి నుంచే పట్టించుకోవాలి. ఓడలో పక్కన ఉండేది ఫిలిప్పీన్స్ మనిషో, ఉక్రెయిన్ మనిషో కావచ్చు. అందరికీ పని భాష ఇంగ్లీషే.

2. డెక్ వైపు రెండు చదువులు ఉన్నాయి. ఒకటి మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్. రెండోది ఏడాది డిప్లొమా, దీన్ని డీఎన్ఎస్ అంటారు. డిప్లొమా చదివిన వారు 18 నెలలు, బీఎస్సీ చదివిన వారు 12 నెలలు క్యాడెట్‌గా ఓడలో పనిచేశాక ఆఫీసర్ పరీక్ష రాస్తారు.

3. ఇంజిన్ వైపు నాలుగేళ్ల బీటెక్ మెరైన్ ఇంజినీరింగ్ ఉంది. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన వారికి జీఎంఈ అనే చిన్న కోర్సు ఉంది. ఎలక్ట్రికల్ చదివిన వారికి ఈటీవో కోర్సు ఉంది.

4. పది పాసైన వారికి జీపీ రేటింగ్ అనే ఆరు నెలల కోర్సు ఉంది. మొత్తం మీద, ఇంగ్లీషులో విడిగా, 40 శాతం మార్కులు ఉండాలి. వయసు 17న్నర నుంచి 25 లోపు. ఇది ఆఫీసర్ ఉద్యోగం కాదు. డెక్ మీద, ఇంజిన్ గదిలో చేసే కాయకష్టం. గౌరవమైన పనే, కానీ "పది పాసైతే ఆఫీసర్" అని ఎవరైనా చెబితే అది అబద్ధం.

ఆఫీసర్ చదువులకు పేరున్న ప్రభుత్వ సంస్థ ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ. 2008లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం ఇది. ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. ముంబై, కోల్‌కతా, కొచ్చి, విశాఖపట్నంలో కూడా క్యాంపస్‌లు ఉన్నాయి. విశాఖ క్యాంపస్‌కు ఓడల డిజైన్, నిర్మాణం చదువులో పేరుంది. చూపు వల్ల ఓడ ఎక్కలేని పిల్లలు అటు వైపు కూడా ఆలోచించవచ్చు. ప్రవేశానికి ఐఎంయూ సెట్ అనే పరీక్ష సాధారణంగా వేసవిలో జరుగుతుంది. అందులో ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, ఆప్టిట్యూడ్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉంటాయి. ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి, కానీ కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ డీజీ షిప్పింగ్ జాబితాలో ఉండాలి. కాలేజీకి గుర్తింపు ఉండి, ఆ కోర్సుకు లేకపోతే పనికిరాదు.

డీఎన్ఎస్ గురించి ఒక మాట. ఇందులో చేరడానికి ఓడల కంపెనీ స్పాన్సర్‌షిప్ లేఖ కావాలి. చదువు అయ్యాక మిమ్మల్ని ఓడ ఎక్కిస్తామని కంపెనీ ఇచ్చే మాట అది. కంపెనీలు రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేస్తాయి. ఏ చదువైనా సరే, చేరే ముందు ఒకటే ప్రశ్న అడగండి: "పోయినేడు ఇక్కడ చదివిన వారిలో ఎంతమంది ఓడ ఎక్కారు?" చదువు అయిపోయి, ఓడ దొరక్క ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న పిల్లలు ఉన్నారు. క్యాడెట్‌గా సముద్రం మీద గడిపిన నెలలు లేకుండా ఆఫీసర్ పరీక్ష రాయనివ్వరు.

మూడో మెట్టు: కాగితాలు

పది మార్కుల మెమో, ఆధార్, పాస్‌పోర్టు, ఈ మూడింట్లో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. మన దగ్గర తరచూ వచ్చే చిక్కు ఇంటిపేరుతోనే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ కూడా తేడా వస్తుంది. ముందు పది మెమో చూసుకుని, దానికి సరిపోయేలా ఆధార్ సరిచేయించండి. పాస్‌పోర్టు ఆ తర్వాతే.

చదువులో చేరేటప్పుడు ఇండోస్ నంబరు వస్తుంది. నావికుడిగా మీ గుర్తింపు సంఖ్య అది. భద్రతా శిక్షణ పూర్తయ్యాక సీడీసీ ఇస్తారు. మీరు ఏ ఓడలో ఎన్నాళ్లు పనిచేశారో నమోదయ్యే పుస్తకం అది. ఈ రెండూ శిక్షణతో వచ్చేవి, డబ్బుకు కొనేవి కావు. "శిక్షణ అక్కర్లేదు, వేరే దేశం సీడీసీ ఇప్పిస్తాం" అంటే, ఆ పుస్తకం దొరికిన రోజు పిల్లవాడు పరాయి దేశపు రేవులో ఇరుక్కుంటాడు.

చివరి మెట్టు: డబ్బు

"తల్లికి వందనం" కింద ఏడాదికి 15,000 రూపాయల్లో 13,000 తల్లి ఖాతాకు వస్తాయి, 2,000 బడి నిర్వహణకు పోతాయి. ఈ పథకం ఇంటర్ రెండో ఏడాదితో ఆగుతుంది. ఓడ చదువుకు ఇది రాదు, ముందుగానే లెక్క వేసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీలో కూడా ఫీజు ఏటా 2 లక్షల పైనే ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్ని కాలేజీలకూ, అన్ని కోర్సులకూ వర్తించదు. "మా కాలేజీకి వస్తుంది" అని కాలేజీ వాళ్లు చెప్పినా సరిపోదు. కాలేజీ పేరు, కోర్సు పేరు రాసుకుని మీ గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను కలవండి. జ్ఞానభూమిలో అవి ఉన్నాయో లేదో చూపించమనండి. లేకపోతే ఆ డబ్బు వస్తుందని లెక్కలో వేసుకోకండి.

బ్యాంకు విద్యా రుణం రెండో దారి. సాధారణంగా 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. తల్లిగానీ తండ్రిగానీ కలిసి సంతకం చేయాలి. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలవ్వవు. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకంలో 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ మీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. పొలం తాకట్టు పెట్టి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చే ముందు ఒకసారి బ్యాంకు మెట్లు ఎక్కండి.

మోసాన్ని ఇలా పట్టండి

ఓడలకు మనుషులను పంపే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం చట్టరీత్యా తప్పు. కాలేజీ ఫీజు వేరు, ఉద్యోగం కోసం అడిగే డబ్బు వేరు. ఈ తేడా గుర్తుంటే చాలు.

ఈ మాటల్లో ఏది వినిపించినా ఆగండి: "ఈ రోజే కట్టాలి." "నా సొంత ఫోన్ నంబరుకు పంపండి." "రసీదు తర్వాత ఇస్తాం." "టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ ఓడ ఎక్కండి." డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే ఖాతాను ఆపగలిగే అవకాశం ఎక్కువ.

ఆడపిల్లలు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. 2015 జూన్‌లో కాకినాడ నుంచి వేటకు వెళ్లిన దుర్గమ్మ అనే బోటు ఇంజిన్ చెడి, తుపాను గాలిలో ఒడిశా తీరం వైపు కొట్టుకుపోయింది. అందులో ఏడుగురు మత్స్యకారులు ఉన్నారు. అటుగా వెళ్తున్న సంపూర్ణ స్వరాజ్య అనే చమురు ఓడ ఆ అలల్లోనే ఆగి ఏడుగురినీ పైకి లాగింది. ఆ ఓడ కెప్టెన్ కేరళకు చెందిన రాధికా మేనన్. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు సాహస పురస్కారం ఇచ్చింది. దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమే. మన కాకినాడ ఇళ్లకు ఏడుగురు మగవాళ్లను తిరిగి చేర్చింది ఒక ఆడబిడ్డ నడిపిన ఓడ.

ఇంట్లో మాట్లాడుకోండి

ఓడ ఎక్కితే నాలుగు నుంచి తొమ్మిది నెలలు ఇల్లు ఉండదు. పండగ, పెళ్లి, ఒక్కోసారి చావు కబురు కూడా ఫోన్‌లోనే. చాలా కంపెనీల్లో ఓడలో ఉన్న నెలలకే జీతం, ఇంట్లో ఉన్న నెలలకు ఉండదు. జీతం పెద్దదిగా కనిపించినా ఏడాది మొత్తానికి లెక్క వేయండి. ఈ మాటలు పిల్లలతో ముందే మాట్లాడండి. అన్నీ తెలిసి "వెళ్తాను" అన్న పిల్లవాడు నిలబడతాడు.

ఈ నెలలో చేయాల్సినవి

ఒకటి: కళ్ల పరీక్ష. రెండు: పది మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ చూసుకోవడం. మూడు: అనుకుంటున్న కాలేజీ, కోర్సు డీజీ షిప్పింగ్ జాబితాలో, జ్ఞానభూమిలో ఉన్నాయేమో సచివాలయంలో చూడటం. నాలుగు: ఈత రాకపోతే, వచ్చిన వారి పక్కన ఉండి నేర్చుకోవడం. ఒంటరిగా కృష్ణలోనో, బావిలోనో దిగొద్దు.

ఈ నాలుగూ అయ్యేవరకు ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. సందేహం ఉంటే సచివాలయంలో అడగండి, అడగడానికి డబ్బు తీసుకోరు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఈ పీడీఎఫ్ పంపండి. మిరప కోతలో పచ్చికాయ, పండుకాయ కలిపి కోసే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, ఈసారి తిట్టకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

— జిల్లా సమాచార అధికారి, పల్నాడు జిల్లా