గ్రామ ప్రకటన వాహనము: ఆంప్లిఫయరుకు లౌడ్ స్పీకర్లను కలుపు విధము

పూర్వము గ్రామమున ఏ సంగతి తెలుపవలసి వచ్చినను తలారి టముకు వేసి వీధివీధిన చాటెడివాడు. నేడు ఆ పనిని ఆటోకో, జీపుకో, ట్రాక్టరుకో అమర్చిన లౌడ్ స్పీకరు చేయుచున్నది. పన్నుల గడువు, టీకాల శిబిరము, గ్రామసభ, మంచినీరు వదలు వేళ మొదలగునవి దానిద్వారా ప్రజలకు తెలియుచున్నవి. అన్నిటికంటె ముఖ్యమైనది ఆపత్సమయపు హెచ్చరిక. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. తుపాను వేళ విద్యుత్ స్తంభములు కూలి గ్రామమంతయు చీకటియైనను, వాహనపు బ్యాటరీతో పనిచేయు యంత్రము పలుకగలదు. అట్టి రాత్రి అదియు మూగవోయినచో కలుగు నష్టము యంత్రపు ఖరీదుతో తీరునది కాదు.

సరుకు మంచిదైనను తీగలు కలిపిన తీరు సరిగా లేనిచో యంత్రము కాలిపోవును. తీగలు కలుపుట మెకానిక్కు పనియే. కాని ఖర్చు మంజూరు చేయువారు పంచాయతీ సభ్యులు. కావున ఇందలి లెక్కను సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము. ఆ లెక్క కష్టమైనది కాదు.

ఓములు అనగా నేమి?

ప్రతి స్పీకరు వెనుక రెండు అంకెలు వ్రాసి యుండును. ఒకటి వాట్లు, రెండవది ఓములు. వాట్లు అది భరింపగల శక్తిని తెలుపును. ఓములు అది విద్యుత్ ప్రవాహమునకు కల్పించు నిరోధమును తెలుపును. ఓములు తగ్గినకొలది స్పీకరు ఆంప్లిఫయరు నుండి ఎక్కువ ప్రవాహమును లాగును. ఆంప్లిఫయరుపై కూడ ‘4 ఓములకు తగ్గరాదు’ అను విధముగా ఒక హద్దు వ్రాసి యుండును. ఆ హద్దు దాటకుండుటయే ఈ పాఠమునందలి ముఖ్య సూత్రము.

కలుపు విధములు రెండు

చెరువుకు ఒక తూము తెరచినచో కొంత నీరు పోవును. ప్రక్కనే అంతటి మరియొక తూము తెరచినచో రెట్టింపు నీరు పోవును. స్పీకర్లను సమాంతరముగా, అనగా ప్లస్‌లన్నియు ఒకచోటను మైనస్‌లన్నియు ఒకచోటను చేర్చి కలుపుట ఇట్టిది. 8 ఓముల స్పీకర్లు రెండు ఇట్లు కలిపినచో మొత్తము 4 ఓములగును. మూడు కలిపినచో సుమారు 2.7 ఓములు, నాలుగు కలిపినచో 2 ఓములు మాత్రమే యగును.

రెండవ విధము శ్రేణి. ఒక స్పీకరు మైనస్‌ను రెండవదాని ప్లస్‌కు కలిపి, ప్రవాహము ఒకదాని తరువాత నొకదానిలో నడచునట్లు చేయుట. ఇందు ఓములు కూడును. 8 ఓములవి రెండు చేరి 16 ఓములగును. శబ్దము కొంత తగ్గును గాని యంత్రమునకు హాని లేదు.

4 ఓముల హద్దు గల ఆంప్లిఫయరుకు 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరముగా కలిపినచో సరిపోవును. జాతర నాడు ఎవరో మూడవ స్పీకరును తెచ్చి అదే తీగకు తగిలించినచో హద్దు దాటును. యంత్రము వెంటనే ఆగకపోవచ్చును. పలుకుచునే వేడెక్కి, కొంతసేపటికి చెడును. నాలుగు స్పీకర్లు కావలసినచో రెండేసి శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరముగా చేర్చవలెను. అప్పుడు మొత్తము 8 ఓములగును; హద్దు నిలుచును. ఇట్లు కలుపు స్పీకర్లన్నియు ఒకే ఓములు, ఒకే వాట్లు గలవై యుండుట మేలు. స్పీకర్ల వాట్ల మొత్తము ఆంప్లిఫయరు వాట్లకు తగ్గరాదు.

సబ్ వూఫరు సంగతి

మనుష్యుల మాట తెలియుటకు సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములు చాలును. టెలిఫోను చిరకాలము ఈ మేరతోనే నడచినది. సబ్ వూఫరు పలుకునవి ఇంచుమించు 100కు లోబడిన గంభీర ధ్వనులు. కావున చాటింపునకు దానివలన ప్రయోజనము లేదు. బ్యాటరీ మాత్రము త్వరగా తరుగును. గరాటు ఆకారము గల హారన్ స్పీకరే ఈ పనికి తగినది.

పాటలకొరకు సబ్ వూఫరు ఉండవలెనన్నచో దానిని హారన్లతో ఒకే తీగకు కలుపరాదు. దానికి ఆంప్లిఫయరులో వేరు ఛానల్ కేటాయించి, సుమారు 80 కంపనములకు పైబడిన ధ్వని దానికి పోకుండ వడపోత అమర్చవలెను. హారన్లకు గంభీర ధ్వనులు పోకుండ ఆపవలెను; లేనిచో వాటిలోని పలుచని పొర చిరుగును. కొన్ని సబ్ వూఫర్లలో రెండు తీగచుట్ట లుండును. ఒక్కొక్కటి 4 ఓములైనచో, సమాంతరముగా కలిపిన 2, శ్రేణిగా కలిపిన 8 ఓములగును. ఇక్కడను ముందు చెప్పిన హద్దునే చూడవలెను.

బ్యాటరీ నుండి వచ్చు తీగ

100 వాట్ల శబ్దము నిచ్చు సాధారణ ఆంప్లిఫయరు బ్యాటరీ నుండి సుమారు 160 వాట్లు తీసికొనును. మిగిలినది వేడిగా పోవును. 12 వోల్టుల బ్యాటరీకి ఇది 13 ఆంపియర్లకు పైమాట. ఆంప్లిఫయరు 5 మీటర్ల దూరమున నున్నదనుకొందము. పోవు తీగ, వచ్చు తీగ కలిసి 10 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడినచో దారిలోనే 2 వోల్టులకు పైగా హరించును, మాట బొంగురుపోవును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది సుమారు అర వోల్టు మాత్రమే.

బ్యాటరీ ప్లస్ కొనకు దగ్గరగా, ఒక మూరకు మించని దూరములో ఫ్యూజు ఉండి తీరవలెను. ఫ్యూజు ఆంప్లిఫయరు దగ్గర మాత్రమే యున్నచో, నడుమ తీగ ఒరిసి వాహనపు ఇనుమునకు తగిలినప్పుడు బ్యాటరీ బలమంతయు ఆ తీగలో ప్రవహించి నిప్పు పుట్టును. ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానమున రాగి పోగు చుట్టు అలవాటు ప్రాణాపాయకరము. పెక్కు వాహన ఆంప్లిఫయర్లలో స్పీకరు మైనస్ తీగను వాహనపు ఇనుమునకు కలుపరాదు; రెండు తీగలును ఆంప్లిఫయరుకే రావలెను.

ప్లస్, మైనస్ గుర్తులు

ఒకే దిక్కునకు చూచు రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తారుమారైనచో, ఒకటి గాలిని నెట్టునప్పుడు రెండవది లాగును, శబ్దము పలుచబడును. కాగితపు పొర కనబడు స్పీకరులో గుర్తులు చెరిగిపోయినచో, 1.5 వోల్టుల సెల్లును క్షణకాలము తాకింపవలెను. పొర వెలుపలికి కదలినప్పుడు సెల్లు ప్లస్ తాకిన కొనయే స్పీకరు ప్లస్.

వేళ, చోటు

2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి ప్రకారము లౌడ్ స్పీకరు వాడుటకు అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలమున దానిని వాడరాదు. ప్రజలకు ఆపద వాటిల్లిన వేళకు మినహాయింపు కలదు. ఆస్పత్రులు, పాఠశాలల చుట్టు 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును.

బిల్లు మంజూరునకు ముందు

సభ్యులు వాహనము నొద్దకు స్వయముగా పోయి ఈ ప్రశ్నలు అడుగవలెను:

1. ఆంప్లిఫయరు హద్దు ఎన్ని ఓములు? స్పీకర్లన్నియు కలిసి ఎన్ని ఓములు?
2. చెప్పిన వాట్లు నిలకడగా ఇచ్చునవియేనా, క్షణకాలపు గరిష్ఠ శక్తియా? అట్టపై పెద్ద అక్షరములతో నున్న వేల వాట్లను నమ్మరాదు.
3. బ్యాటరీ ప్రక్కన ఫ్యూజు ఉన్నదా? అదే విలువ గల ఫ్యూజులు రెండు అదనముగా ఇచ్చిరా?
4. తీగలు ఇనుప అంచులను దాటుచోట రబ్బరు తొడుగు వేసిరా?
5. అరగంట సేపు పలికించిన తరువాత ఆంప్లిఫయరు చేయి ఆనింపరానంతగా కాలుచున్నదా?

ఈ కలుపు తీరును ఒక కాగితముపై గీయించి, వాహనములో నొకటి, పంచాయతీ కార్యాలయములో నొకటి ఉంచవలెను. మెకానిక్కు మారినను, సభ్యులు మారినను ఆ పటము నిలుచును. తుపానుల కాలమునకు ముందే నెలకొకసారి యంత్రమును పలికించి చూచు గ్రామములో, అవసరమైన రాత్రి హెచ్చరిక చివరి యింటి వరకు వినబడును.