మన కాలువలో మలుగు, పుట్టింది సముద్రంలో!



మలుగుపాము పేరులోనే పాము. నిజానికి అది చేప. మొప్పలు, వీపు పొడవునా ఈత రెక్క ఉంటాయి. పాముకు ఇవి ఉండవు.

పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది. మలుగు దానికి తలకిందులు. ఏళ్లపాటు మంచినీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి వెళ్తుంది. ఇక తిరిగి రాదు. ఆకులా పల్చగా, గాజులా ఉండే దాని పిల్లలే ప్రవాహాలతో తీరం చేరి, నదుల్లోకి ఎక్కుతాయి. దాని బంధువైన జపాన్ మలుగు గుడ్లు సముద్రంలో శాస్త్రజ్ఞులకు తొలిసారి దొరికింది 2009లోనే!

హోమ్ యాక్టివిటీ: ధవళేశ్వరం నుంచి అంతర్వేది వరకు గోదావరి మ్యాప్ గీయించండి. పులస, మలుగు దారులను బాణాలతో చూపించమనండి. “ఆనకట్ట ఎవరికి అడ్డు?” అని అడగండి.

జాగ్రత్త: పామో చేపో తేల్చడానికి పిల్లలను కాలువలో చెయ్యి పెట్టనివ్వకండి.