వేసవి ఉదయాన వాగు ఒడ్డున

వేసవి వచ్చిందంటే పల్లెసీమ కళ తప్పినట్లు కనిపిస్తుంది. చెరువులు ఇంకిపోతాయి. వాగులు ఇసుక మేటలై మిగులుతాయి. ఈ కాలంలో చూడదగినదేమీ ఉండదని పలువురు భావిస్తారు. అది మన చూపులోని లోపమే గాని ప్రకృతిలోని లోపం కాదు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట మండలం మీదుగా మూలవాగు సాగిపోతుంది. ఎండ ముదరకముందే ఆ ఒడ్డున గంటసేపు నడిచిన విద్యార్థికి తరగతి గదిలో లభించని విద్య లభిస్తుంది.

వాగులో చెమ్మ మిగిలిన చోట సీతాకోకచిలుకలు గుమిగూడుతాయి. అవి దాహం తీర్చుకొనడానికి మాత్రమే రావు. పూదేనెలో చాలినంతగా దొరకని లవణాలను తడిమట్టి నుండి పీల్చుకొంటాయి. ఇలా చేరేవాటిలో మగవే అధికం. ఆడ సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి తగిన మొక్కను వెదకుతుంది. ఒక జాతికి జిల్లేడు కావాలి, మరొక జాతికి కరివేప, ఇంకొక జాతికి రేల. గుడ్డు నుండి వెలువడిన గొంగళిపురుగుకు ఆ ఆకే ఆహారం. పనికిరాని మొక్క అని జిల్లేడును పెకలించినవాడు తెలియకుండానే ఒక సీతాకోకచిలుక వంశానికి తిండి లేకుండా చేస్తున్నాడు.

మిగిలిన నీటి మడుగులపై తూనీగలు తిరుగుతుంటాయి. వాటి పిల్లలు నీటిలోనే పెరుగుతూ దోమపిల్లలను తింటాయి. పెరిగి రెక్కలు వచ్చాక తూనీగలు గాలిలో దోమలను వేటాడుతాయి. పసుపు వన్నె గల ఒక జాతి తూనీగలు గాలుల సాయంతో హిందూ మహాసముద్రాన్ని దాటి ఆఫ్రికా చేరుతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అటువంటి ప్రాణి తోకకు దారం కట్టి ఆడుకోవడం ఎంత అవివేకం!

దసరానాడు అందరూ దర్శించగోరే పాలపిట్ట వేసవిలో గాలిలో పల్టీలు కొడుతూ జతను ఆకర్షిస్తుంది. చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. తీతువు పిట్టకు ఆ పాటి నీడ కూడా లేదు. అది బట్టబయట గులకరాళ్ల నడుమ సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. ఎండ తీవ్రమైనప్పుడు పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి సమీపిస్తే ఆక్రోశిస్తుంది. ఆ అరుపును అశుభమని లోకం నిందించింది. నిజానికి అది బిడ్డల కోసం తల్లిదండ్రులు పడే ఆరాటం. పరిశీలన లేనిచోట అపనింద పుడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం లేదు.

పరిశీలన మనిషిని ఎలా మార్చగలదో సలీం అలీ జీవితం తెలుపుతుంది. 1896లో జన్మించిన ఆయన బాల్యంలో గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుపై పసుపు మచ్చ ఉంది. అదేమి పిట్టో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లాడు. ఆ జిజ్ఞాస ఆయనను పక్షిశాస్త్రవేత్తను చేసింది. 1931-32లో ఆయన హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే నిర్వహించాడు. సిరిసిల్ల ప్రాంతం అప్పుడు ఆ రాజ్యంలోనిదే.

ఈ విహారానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఓర్పు చాలు. చూసిన ప్రాణిని, తేదీని, చోటును రాసుకోవాలి. గూటిని తాకరాదు, ప్రాణిని పట్టరాదు. పేరు తెలిసిన ప్రాణిపై చెయ్యెత్తడానికి మనసొప్పదు. ఎండిన వాగు మనకు నేర్పే పాఠం ఇదే.

ప్రశ్నలు
1. సీతాకోకచిలుకలు తడిమట్టిపై ఎందుకు చేరుతాయి?
2. తీతువు అరుపును గురించిన అపోహను, వాస్తవాన్ని వివరించండి.
3. మీ ఊరి చెరువు వద్ద ఒక ఉదయం చూసిన ప్రాణులను గురించి వ్యాసం రాయండి.