నిమిషానికో కారు... అందులో మీ వంతెంత?

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కర్మాగారాన్ని ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. 2019లో తయారీ మొదలైంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 300 పనిదినాలు, రోజుకు రెండు షిఫ్టులు అనుకుంటే రోజుకు వెయ్యి కార్లు రావాలి. అంటే దాదాపు నిమిషానికొకటి! పెద్ద ఆటోమొబైల్‌ కంపెనీలో ఉద్యోగం ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు ఈ నిమిషం సంగతి తెలియాలి. కంపెనీల్లో దీన్ని ‘టాక్ట్‌ టైమ్‌’ అంటారు. లైన్‌ మీద ఎవరి పనైనా ఆ గడువులో పూర్తయ్యేలా ముక్కలు చేసి పంచుతారు.

గేటు లోపల ఏముంటుంది?

ప్రెస్‌ షాప్‌లో ఉక్కు రేకులు డోర్లుగా, బానెట్లుగా మారతాయి. బాడీ షాప్‌లో రోబోలు వాటిని వెల్డింగ్‌ చేస్తాయి. పెయింట్‌ షాప్‌లోకి దుమ్ము రేణువు కూడా రాకుండా కాపలా ఉంటుంది. మనుషులు ఎక్కువగా కనిపించేది చివరిదైన అసెంబ్లీ షాప్‌లోనే. కారు కదులుతూ వస్తుంది, మీ స్టేషన్‌ దాటేలోగా మీ పని అయిపోవాలి. అది నాలుగు బోల్టులను చెప్పినంత టార్క్‌తో బిగించడం కావచ్చు, వైరింగ్‌ కనెక్టర్లు పెట్టడం కావచ్చు. తర్వాతి కారుకూ అదే పని, ఆ తర్వాతి దానికీ అదే.

మొదటి నెల కాళ్లు లాగేస్తాయి. షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర వేళలు మారతాయి. చాలాచోట్ల లోపల ఫోను వాడనివ్వరు. టీ విరామం కూడా గంట కొడితేనే. బస్సు, క్యాంటీన్‌, యూనిఫాం లాంటి సౌకర్యాలకు చాలా కంపెనీల్లో లోటుండదు. కానీ రెండో నెల నుంచి విసుగును జయించడమే అసలు పరీక్ష.

తప్పు దాచనివాడికే విలువ

టయోటా గ్రూపు మూలాలు మగ్గాల్లో ఉన్నాయి. పోగు తెగగానే దానంతటదే ఆగిపోయే మగ్గాన్ని సకిచి టయోడా తయారుచేశారు. తెగిన పోగుతో గుడ్డంతా నేసి పారేసే కంటే అప్పటికప్పుడు ఆపడం మేలన్నది ఆయన ఆలోచన. అదే కార్ల లైన్‌లోకీ వచ్చింది. లోపం కనిపిస్తే స్టేషన్‌ దగ్గరున్న ‘ఆండాన్‌’ తాడు లాగాలి లేదా బటన్‌ నొక్కాలి. దీపం వెలుగుతుంది, టీమ్‌ లీడర్‌ వస్తాడు. అవసరమైతే లైన్‌ ఆగుతుంది.

కాలేజీ ల్యాబ్‌లో రీడింగ్‌ సరిగా రాకపోతే పక్కవాడి రికార్డు చూసి సర్దేసిన అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. బోల్టు సరిగా బిగిసిందో లేదో అనుమానంగా ఉండి కూడా కారును వదిలేస్తే, దాని ఫలితం ఎక్కడో రోడ్డు మీద తేలుతుంది. ‘సార్‌, నా దగ్గర తప్పు జరిగింది’ అని వెంటనే చెప్పగలగడమే ఈ రంగంలో మొదటి నైపుణ్యం.

ఎవరికి ఏ పని?

ఐటీఐలో ఫిట్టర్‌, వెల్డర్‌, ఎలక్ట్రీషియన్‌, మోటార్‌ మెకానిక్‌ ట్రేడ్లు చదివినవారికి, డిప్లొమావారికి ఎక్కువగా లైన్‌, మెయింటెనెన్స్‌, తనిఖీ విభాగాల్లో చోటుంటుంది. బీటెక్‌వారు గ్రాడ్యుయేట్‌ ఇంజినీర్‌ ట్రైనీలుగా చేరి ప్రొడక్షన్‌, క్వాలిటీ, ప్లానింగ్‌, సప్లయర్‌ క్వాలిటీ వైపు వెళ్తారు. మెకానికల్‌ వాళ్లకే అవకాశాలన్న రోజులు పోయాయి. కారులో సాఫ్ట్‌వేర్‌ పెరిగేకొద్దీ ఈసీఈ, ఈఈఈ, సీఎస్‌ఈ వారి అవసరమూ పెరిగింది. హైదరాబాద్‌లోని హ్యుందాయ్‌ ఇంజినీరింగ్‌ కేంద్రం, జెడ్‌ఎఫ్‌ టెక్నాలజీ కేంద్రం లాంటి చోట్ల గ్రీజు అంటకుండానే కార్ల పని చేయవచ్చు.

పెద్ద కంపెనీయా, చిన్నదా?

పెద్ద కంపెనీలో పద్ధతి నేర్చుకుంటారు. ప్రతి పనికీ రాసిపెట్టిన విధానం, ప్రతి మార్పుకూ ఆమోదం ఉంటాయి. చిన్న సూచన అమలు కావడానికి కూడా నెలలు పట్టవచ్చు. మీ పని పరిధి ఇరుకుగా ఉంటుంది. విడిభాగాలు సరఫరా చేసే చిన్న కంపెనీలో జీతం, సౌకర్యాలు తక్కువ కావచ్చు గానీ డై మార్చడం నుంచి కస్టమర్‌ ఫిర్యాదుకు జవాబివ్వడం దాకా అన్నీ మీ మీదే పడతాయి. అక్కడ రెండేళ్లు పనిచేసినవారిని పెద్ద కంపెనీలు చిన్నచూపేమీ చూడవు.

సంతకం పెట్టే ముందు

ఆఫర్‌ లెటర్‌లో మీ హోదా ఏమిటో చదవండి. అప్రెంటిసా, నిర్ణీత కాల ఉద్యోగమా, కాంట్రాక్టర్‌ తరఫునా, కంపెనీ రోల్స్‌ మీదా? యూనిఫాం ఒకేలా ఉన్నా ఈ నాలుగూ ఒకటి కావు. అప్రెంటిస్‌షిప్‌ శిక్షణే తప్ప ఉద్యోగ హామీ కాదు. గడువు ముగిశాక తీసుకునే విధానం ఏమిటో ముందే అడగండి. డబ్బు తీసుకుని ‘లోపల వేయిస్తాం’ అనే దళారుల ఛాయలకు పోవద్దు.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు వెర్నియర్‌ చదవడం, డ్రాయింగ్‌ అర్థం చేసుకోవడం, 5ఎస్‌ (పనిచోటును క్రమంగా, శుభ్రంగా ఉంచే పద్ధతి), కైజెన్‌ (చిన్న చిన్న మెరుగులు నిరంతరం చేసే పద్ధతి)ల మీద పట్టు తెచ్చుకోండి. ‘ప్రాజెక్టులో మీరు చేసిన తప్పేమిటి?’ అని అడిగితే దాచకుండా చెప్పండి.

చేరాక మీ నిమిషాన్ని బాగా నేర్చుకోండి. అక్కడే ఆగిపోవద్దు. మీకు ముందు స్టేషన్‌లో ఏం జరుగుతోంది, మీ తర్వాత స్టేషన్‌వాళ్లు దేనికి ఇబ్బంది పడుతున్నారు? చాలా ప్లాంట్లలో ఎవరికి ఎన్ని స్టేషన్ల పని వచ్చో ఒక పట్టికలో రాసి గోడకు పెడతారు. కొత్త టీమ్‌ లీడర్‌ను ఎంచుకునేటప్పుడు పైవాళ్ల చూపు ముందుగా వెళ్లేది ఆ పట్టిక మీదకే. అందులో మీ పేరు ఎదురుగా ఒకే గడి నిండి ఉందా, ఆరు నిండాయా అన్నది మీ చేతిలోనే ఉంది.